మాటిమాటికి వచ్చు తలనొప్పి

తలనొప్పి ఎరుగనివారు అరుదు. జ్వరములోను, జలుబులోను తల నొచ్చుట సహజము. కారణము తొలగగానే నొప్పియు పోవును. కాని వేరే జబ్బేమియు లేని యువకునికో, యువతికో నెలకు నాలుగైదు మారులు అదే నొప్పి తిరిగి వచ్చుచున్నచో దానిని ప్రత్యేకముగా పరిశీలింపవలెను.

వరంగల్లు, హనుమకొండ విద్యార్థుల పట్టణములు. ఇచట 1959లో కాకతీయ వైద్య కళాశాల, ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయము వెలసినవి. ఇల్లు విడిచి వచ్చి వసతి గృహములలో నుండువారికి వేళతప్పిన భోజనము, చాలని నిద్ర, వేసవి యెండ, పరీక్షల భారము తప్పవు. తల నొచ్చినపుడెల్ల మందుల దుకాణములో ఒక మాత్ర కొని మ్రింగుట వారికి సులభమైన అలవాటు. అయితే మాత్రకు ముందు తెలిసికొనవలసినది, ఆ నొప్పి ఏ రకమునకు చెందినదను సంగతి.

మెదడు కణజాలమునకు నొప్పి తెలియదు. దానిని కప్పియున్న పొరలకు, అచటి రక్తనాళములకు, మెడ కండరములకు తెలియును. ముఖము నుండియు, ఆ పొరల నుండియు నొప్పిని మెదడునకు తెలియజేయు ముఖ్యమైన నాడి పేరు ట్రైజెమినల్ నాడి.

యువజనులలో తరచు కనిపించు తలనొప్పులు రెండు. మొదటిది బిగువు నొప్పి. తలకు పట్టీ బిగించినట్లు రెండు ప్రక్కల నొక్కుచుండును. అయినను మనిషి తన పని చేసికొనగలడు. రెండవది పార్శ్వపు నొప్పి, అనగా మైగ్రేను. ఇందులో ట్రైజెమినల్ నాడి కొనల నుండి సి.జి.ఆర్.పి. అను పదార్థము వెలువడి రక్తనాళములను వెడల్పుచేయును, నొప్పిని హెచ్చించును. మందు వేయనిచో ఈ నొప్పి 4 గంటల నుండి 72 గంటల వరకు ఉండును. చాలమందికి తల ఒక వైపున పోటు పొడుచును, మెట్లెక్కినచో హెచ్చును. డోకు వచ్చును, వెలుతురు, చప్పుడు సహింపవు. కొందరికి ముందుగా కన్నులయెదుట మెరుపు గీతలు కనబడును. 2015లో ప్రకటింపబడిన కర్ణాటక పరిశీలనలో వయోజనులలో నూటికి సుమారు 25 మందికి ఏడాదిలో ఈ నొప్పి వచ్చినట్లు తేలినది.

నిద్ర తగ్గుట, పస్తు, ఎండ, స్త్రీలకు ఋతుకాలము దీనిని ప్రేరేపించును. తలంటు కూడ కొందరికి కారణమగును. తలస్నానముతో మైగ్రేను వచ్చు 94 మంది భారతీయులను గూర్చి ముంబయి వైద్యుడొకరు 2006లో వివరించెను.

మైగ్రేనును చూపు రక్తపరీక్ష గాని, ఎక్స్‌రే గాని లేదు. రోగి చెప్పు వృత్తాంతమే ముఖ్యాధారము. కనుక రెండు నెలలపాటు ఒక నోటుపుస్తకములో నొప్పి వచ్చిన తేదీ, మొదలైన వేళ, ముగిసిన వేళ, ఏ వైపు, వాంతి అయినదా, ముందునాటి నిద్ర, భోజనము, వేసికొన్న మాత్రలు వ్రాసి వైద్యునికి చూపవలెను. వరంగల్లులో కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి కలదు. వైద్యుడు రక్తపు పోటు కొలుచును. కంటి లోపలి నాడి వాచినదేమో చూచును. ఆ వాపు పుర్రెలోని ఒత్తిడి పెరిగినదనుటకు గుర్తు కావచ్చును. అనుమానము కలిగినచో స్కానింగు చేయించును.

ఆ పుస్తకమువలన మరియొక సంగతి బయటపడును. నెలకు 15 రోజులు, అంతకు మించి సాధారణ నొప్పిమాత్రలను మూడు నెలలకు పైగా వాడినచో ఆ మాత్రలే తలనొప్పిని నిత్యము చేయగలవు. అట్టివానికి ఎక్కువ మాత్రలు కాదు, వైద్యుని సలహాపై వాటిని మానుటయే చికిత్స. తరచు వచ్చు మైగ్రేనును నివారించుటకు ప్రొప్రనొలాల్ వంటి మందులు కలవు. కాని ఉబ్బసము గలవారికి అది తగదు. ఇట్టి ఎంపిక దుకాణమువద్ద జరుగరాదు.

కొన్ని సందర్భములలో పుస్తకముతో కాలయాపన చేయరాదు. పిడుగు పడినట్లు ఒక్కసారిగా భరింపరాని నొప్పి, జ్వరముతో మెడ బిగియుట, చేయికాలు పడుట, మాట తడబడుట, చూపు తగ్గుట, మూర్ఛ, తలకు దెబ్బ తగిలిన పిమ్మట నొప్పి, గర్భిణికి గాని బాలింతకు గాని కొత్తగా వచ్చిన తీవ్రమైన నొప్పి — వీనిలో ఏది కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

తరగతిలో బల్లపై తల వాల్చిన విద్యార్థి ప్రతిసారి సోమరి కాడు. అతనిని మందలించుటకు ముందు, ఈ నొప్పి నెలకు ఎన్నిసార్లు వచ్చుచున్నదని ఉపాధ్యాయుడు అడిగినచో, చికిత్సకు అదే తొలిమెట్టు కాగలదు.