మేకపోతు వాసన, పాముకాటు మందు

1978లో ఒక రోజు కాలేజీ నుంచి ఇంటికి రాగానే మా అమ్మ నన్ను వీధి గుమ్మంలోనే ఆపేసింది. “ఏట్రా, మేకల శాలలో గాని పడుకొని వచ్చావా? చొక్కా అక్కడే విప్పి నూతి దగ్గరికి పో” అంది. నేను మేకల శాలకు వెళ్లలేదు. రసాయనశాలలో ఒక సీసా మూత తీశాను, అంతే. రెండు చుక్కలు చేతి మీద పడ్డాయి. సబ్బు పెట్టి ఎంత తోమినా సాయంత్రం దాకా వదల్లేదు. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి లేచి వెళ్లి నిలబడ్డాడు కూడానూ!

ఆ సీసా మీద చీటీ: కాప్రిలిక్ ఆమ్లం. లాటిన్ భాషలో కాప్రా అంటే మేక. కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ అని వీళ్లు ముగ్గురన్నదమ్ములు. కర్బన పరమాణువులు పెద్దవాడికి పది, నడిమివాడికి ఎనిమిది, చిన్నవాడికి ఆరు. మేకపాల వెన్నలో ముగ్గురూ వున్నారు. పేరు పెట్టిన పండితుడెవరో గాని ఆయన ముక్కు మాత్రం దివ్యంగా పనిచేసిందని చెప్పాలి.

ఇంతకీ ఈ నడిమివాడు మనకు పరాయివాడేమీ కాదు. మన వంటింట్లో, తలంటు గిన్నెలో రోజూ వుంటున్నవాడే. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలను వంద పాళ్లు చేస్తే అందులో సుమారు ఏడెనిమిది పాళ్లు ఇతనివి. దాదాపు సగం లారిక్ ఆమ్లం. “మరి కొబ్బరినూనె రాసుకుంటే మేక వాసన రాదేం?” అని అడుగుతారు. నూనెలో ఈ ఆమ్లాలు విడిగా వుండవు. మూడేసి చొప్పున గ్లిజరిన్‌కు కట్టుబడి వుంటాయి. కట్టు వీడనంత కాలం వాసన లేదు. ఏడాదిగా అటక మీద మరిచిపోయిన నూనె సీసా మూత తీసి చూడండి, కట్టు వీడితే ఏమవుతుందో కొంత తెలుస్తుంది.

మా ఎచ్చెర్ల నుంచి నాగావళి దాటి, వంశధార దాటి ఉత్తరంగా వెళితే ఉద్దానం వస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు. ఎటు చూసినా కొబ్బరితోటలే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ తోటలు ఎట్లా నేలకూలాయో చూసినవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఈ ప్రయోగానికి నూనె ఎప్పుడూ ఉద్దానం కాయదే తెప్పించేవాణ్ణి. బజారు డబ్బాలో నూనె దొరకక కాదు, మన చెట్టు కాయలో ఏముందో మన పిల్లలు చూడాలని.

పద్ధతి చాలావరకు సబ్బు తయారీయే. నూనెలో కాస్టిక్ సోడా ద్రావణం పోసి కాస్తే గ్లిజరిన్ కట్టు తెగి సబ్బు తయారవుతుంది. ఆ సబ్బునీళ్లలో గంధకామ్లం జాగ్రత్తగా పోస్తే సబ్బు విరిగి, కొవ్వు ఆమ్లాలన్నీ పైకి తేలి మీగడలా పేరుకుంటాయి. సరిగ్గా ఇక్కడే పిల్లలు ముక్కులు మూసుకొని కిటికీల వైపు పరుగెత్తేవారు. చల్లారితే లారిక్ వంటి బరువైనవి మైనంలా గడ్డకడతాయి. లారిక్ 44 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. కాప్రిలిక్‌ను గడ్డకట్టించాలంటే 17 డిగ్రీల లోపుకు దించాలి. మా వైపు ధనుర్మాసంలో తెల్లవారుజామున తప్ప అంత చలి ఎక్కడిది?

చివరికి వేరుచేసేది బట్టీ పట్టడమే. కాప్రిలిక్ 239 డిగ్రీల దగ్గర మరుగుతుంది, లారిక్ 300 డిగ్రీల దాపున. అంత సెగకు సరుకు మాడి నల్లబడుతుంది. అందుకని పాత్రలో గాలిని పంపుతో తోడేస్తారు. గాలి వత్తిడి తగ్గితే ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. అట్లా చేస్తే 125 డిగ్రీల ప్రాంతంలోనే తేటగా, నీళ్లలా, చుక్క చుక్క దిగుతుంది. ఫ్యాక్టరీలలోనూ సూత్రం ఇదే, గోపురమంత బట్టీ వుంటుందంతే. దీనికి ఆల్కహాలు చేర్చి, రెండు చుక్కల గంధకామ్లం వేసి కాస్తే మేకపోతు కంపు మాయమై పళ్లరసం వంటి పరిమళం వస్తుంది. మొహాలు చిట్లించిన పిల్లలే అప్పుడు గాజుకుప్పె కోసం పోట్లాడుకునేవారు.

వాసన సంగతి అట్లా వుంచి, అసలు కథకు వస్తాను. దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

1968లో, నూర్పుల రోజుల్లో, మా పాలికాపు రాత్రి కళ్లంలో గడ్డి పరుచుకొని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపులో నొప్పి అని లేచాడు. కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. కట్లపాము కాటు చీమ కుట్టినట్టే వుంటుంది, నిద్రలో తెలియదు. మంత్రం వేసేవాణ్ణి పిలిచారు, వేపాకు నమిలించారు. బండి కట్టేసరికి పొద్దెక్కింది. దారిలోనే ఊపిరి ఆగిపోయింది. అప్పటికి నాకు పదేళ్లు. అతని భార్య ఆ బండి చక్రం పట్టుకొని కూర్చున్న తీరు ఇప్పటికీ కళ్ల ముందే వుంది.

2006లో మా అన్నయ్య కొడుకును కోతల్లో రక్తపింజరి కరిచింది. ఈసారి మంత్రం లేదు, నేరుగా ఆస్పత్రికే. డాక్టరుగారు కొంచెం రక్తం గాజుగొట్టంలో తీసి బల్ల మీద కదలకుండా నిలబెట్టారు. ఇరవై నిమిషాల తరువాత వంచి చూస్తే నీళ్లలా కారింది. రక్తం గడ్డకట్టడం లేదంటే విషం పనిచేస్తున్నదన్నమాట. వెంటనే విరుగుడు మందు ఎక్కించారు. పది నిమిషాలు కాకుండానే కుర్రవాడికి ఒళ్లంతా దద్దుర్లు, పళ్లు టకటకలాడే వణుకు. మందు ఆపి, వేరే సూది వేసి, తగ్గాక మళ్లీ నిదానంగా ఎక్కించారు. బతికాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి.

ప్రాణం పోసే మందుకే ఒళ్లు అట్లా ఎందుకు తిరగబడింది? ఈ మందు గుర్రం ఇచ్చేది. మన దేశపు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటి విషానికీ విరుగుడు. విషం తీసేవారిలో ముఖ్యులు చెన్నై దగ్గరి ఇరుల జాతివారు. 1978లో సహకార సంఘం పెట్టుకొని పాములను పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతున్నారు. ఆ విషాన్ని గుర్రానికి కొద్దికొద్దిగా అలవాటు చేస్తే దాని రక్తంలో విషాన్ని పట్టే ప్రతిరక్షకాలు పుడతాయి. ఆ రక్తరసిలో మనకు కావలసినవి అవే. కాని వాటితోపాటు మనకు అక్కరలేని గుర్రపు మాంసకృత్తులు బోలెడు. వాటిని ఎంత బాగా తీసేస్తే రోగికి అంత క్షేమం.

పాత పద్ధతిలో అమ్మోనియం సల్ఫేటు అనే లవణం వేసి, ప్రతిరక్షకాలనే గడ్డకట్టించి, పైకి తీసి, మళ్లీ కరిగిస్తారు. ఈ గడ్డకట్టడంలో, కరగడంలో కొన్ని దెబ్బతిని ఉండలు కడతాయి. ఆ ఉండలు కూడా వణుకుకు ఒక కారణం. ఇంట్లో ఆడవాళ్లకు ఈ సంగతి చిటికెలో తెలుస్తుంది. బియ్యం బాగుచేసేటప్పుడు రాళ్లను ఏరి పారేస్తాం గాని, రాళ్లలోంచి ఒక్కొక్క బియ్యపు గింజా ఏరుకుంటామా?

రాళ్లను ఏరే పనిని మన మేకపోతుగారు చేస్తారు. రక్తరసికి కొంచెం పులుపు తగిలించి కాప్రిలిక్ ఆమ్లం కలిపితే, అక్కరలేని మాంసకృత్తులు విరిగిన పాలలా తరకలు కట్టి అడుగుకు దిగుతాయి. ప్రతిరక్షకాలు మాత్రం నీటిలో హాయిగా వుండిపోతాయి. 1969లోనే ఫ్రాన్సులో స్టైన్‌బుక్, ఆడ్రాన్ అనే వారు ఈ గుణాన్ని ప్రకటించారు. పాము మందుకు దీన్ని చక్కగా మలిచింది కోస్టారికా అనే చిన్న దేశం. అక్కడి క్లొడొమీరో పికాడో సంస్థవారు 1994లో ప్రకటించిన లెక్క ఇది: నూటికి 5 పాళ్లు ఆమ్లం, పీహెచ్ 5.8, ఒక గంట కలపడం, వడకట్టడం. మూడు నాలుగు మెట్లకు బదులు దాదాపు ఒక్క మెట్టు. ఖర్చు తక్కువ, దక్కే మందు ఎక్కువ. బీద దేశాలకు కావలసింది ఇటువంటి శాస్త్రమే గదా!

ఎందుకు కావాలో ఒక లెక్క చెబుతాను. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు పోయినవారు సుమారు 12 లక్షల మందని 2020లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెలవారే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గాని దీన్ని పట్టించుకోని జబ్బుల పట్టికలో ఎక్కించలేదు.

ఈ ఆమ్లానికి ఇంకో వింత వుంది. రక్తంలోని ఆల్బుమిన్‌ను మందుగా తయారుచేసేటప్పుడు, సూక్ష్మజీవులు చావడానికి 60 డిగ్రీల దగ్గర పది గంటలు వుంచుతారు. మామూలుగా అయితే కోడిగుడ్డులా ఉడికిపోవాలి. కాప్రిలిక్ లవణం కాస్త కలిపితే చెక్కు చెదరదు. పులుపులో ఏ ఆల్బుమిన్‌ను విరగ్గొడుతుందో, పులుపు లేనిచోట దానికే కాపలా కాస్తుంది! మనకు ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అదీ ఈ ఎనిమిది కర్బనాల తోక తగిలితేనే పనిచేస్తుందట. ఇక ఇదే సరుకును సీసాల్లో పోసి, తాగితే సన్నబడతారని అమ్మేవారూ వున్నారు. వారి మాటలు నమ్మి డబ్బు తగలేసుకోకండి.

మరొక్క మాట. పాము కరిస్తే కొబ్బరినూనె రాయడం, తాగించడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. గాటు పెట్టకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించకూడదు. మనిషిని కదలనివ్వకుండా, కరిచిన కాలో చెయ్యో ఆడించకుండా, 108కి ఫోను చేసి ఆస్పత్రికి చేర్చాలి.

మా అన్నయ్య కొడుకు ఇంటికి వచ్చిన రోజున ఇదంతా మా అమ్మకు చెప్పాను. అంతా విని, “నువ్వు చొక్కాకి పూసుకొచ్చింది అదేనేటి?” అని, కాసేపు ఆలోచించి, “మరి దాన్తో కడిగిన మందు మేక వాసన వెయ్యదేటి?” అని అడిగింది. మంచి ప్రశ్నే. పని అయ్యాక మందును సన్నని పొరల గుండా మళ్లీ మళ్లీ కడుగుతారు. చిన్న అణువు గనుక ఆమ్లం ఆ పొర రంధ్రాల్లోంచి నీటితో జారిపోతుంది, పెద్దవైన ప్రతిరక్షకాలు ఇవతలే నిలిచిపోతాయి. సీసాలోకి ఎక్కే మందుకు ఏ వాసనా వుండదు.