పాదమునందలి చీముగడ్డ: సంకేత లేఖనము

మధుమేహి పాదమున లేచిన గడ్డను కోసి చీము తీసిన వైద్యుడు చీటిలో "కాలి గడ్డ" అని మాత్రమే వ్రాసెననుకొందము. రికార్డు గుమాస్తా దానికి ఎల్ 02.4 అను సంకేతము వేయును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ పదవ కూర్పులో అది కాలుసేతుల చర్మపుగడ్డలన్నిటికి చెందినది. ముల్లు గ్రుచ్చుకొన్న బాలుని గడ్డయు అందే చేరును. మధుమేహము మాటయే కాగితముపై లేదు!

రెండవ రకపు మధుమేహమునకు ఇ 11 అను వేరు సంకేతము గలదు. నాడులు చెడినచో ఇ 11.4, రక్తప్రసారము చెడి పుండు పడినచో ఇ 11.5 వేయవలెను. ఊహించి వేయుటకు గుమాస్తాకు అధికారము లేదు; వైద్యుని వ్రాతయే ఆధారము.

స్పర్శ నశించిన పాదమునకు నొప్పి తెలియదు గనుక రోగి మరల వచ్చునప్పటికి ఆలస్యమగును. పాతచీటిలో ఆ రెండవ సంకేతమున్నచో కొత్త వైద్యుడు రక్తములోని చక్కెరను, పాదస్పర్శను ముందుగా పరీక్షించును. లేనిచో గడ్డను కోసి యింటికి పంపవచ్చును.