తాకకయే నాడి చూచు రాడార్

వైద్యుడు నాడి చూచుటకు రోగి మణికట్టును పట్టుకొనును. గుండె చప్పుడు వినుటకు స్టెతస్కోపును ఎదపై ఆనించును. గుండె పనిని కాగితముపై గీయించవలెనన్న శరీరమునకు తీగలు అంటింపవలెను. కాని, ఒడలు కాలిన రోగికిని, చర్మము ఇంకను గట్టిపడని నెలతక్కువ శిశువునకును ఇవి అంటించుటయే బాధాకరము. అట్టివారి ఊపిరిని, గుండె కొట్టుకొనుటను దూరమునుండియే తెలిసికొనుటకు విమానములను పసిగట్టు రాడార్ తోడ్పడుచున్నది.

ఇది నిన్న నేడు పుట్టిన ఊహ కాదు. సూక్ష్మతరంగములతో, శరీరమును తాకకుండ, శ్వాసను కొలుచు పద్ధతిని జేమ్స్ లిన్ అను శాస్త్రజ్ఞుడు 1975లో ప్రకటించెను. 1986లో అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమునకు చెందిన కున్-ము చెన్, ఆయన సహచరులు, గోడచాటున నున్న మనుష్యుల ఊపిరిని, గుండె కదలికను సయితము గుర్తింపగలిగిరి.

ఇందలి సూత్రము ఉన్నత పాఠశాల విద్యార్థికి అందనిది కాదు. రాడార్ పంపిన తరంగము ఎదను తాకి వెనుకకు మరలును. ఎద ముందునకు వచ్చినచో తరంగము నడచు దారి తగ్గును; వెనుకకు పోయినచో పెరుగును. ఆ మేరకు తిరిగివచ్చిన తరంగపు దశ మారును. సెకనుకు 2400 కోట్ల కంపనములు గల తరంగమును తీసికొందము. దాని వేగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. వేగమును కంపనముల సంఖ్యచే భాగించినచో తరంగదైర్ఘ్యము 12.5 మిల్లీమీటర్లని తేలును. గుండె కొట్టుకొనునపుడు ఎదపై చర్మము సుమారు అర మిల్లీమీటరు కదలుననుకొందము. తరంగము పోవలెను, రావలెను గనుక దారి 1 మిల్లీమీటరు మారును. పూర్తి తరంగమునకు 360 డిగ్రీలు. కావున దశలో మార్పు సుమారు 29 డిగ్రీలు. కంటికి కానరాని కదలిక ఈ విధముగా కొలతకు లొంగును. 6000 కోట్ల కంపనముల తరంగమైనచో ఈ మార్పు ఎంత యగునో విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును.

అయితే చిక్కు వేరొకచోట నున్నది. ఊపిరితో ఎద కొన్ని మిల్లీమీటర్లు కదలును. గుండె కదలిక అందులో చిన్న భాగము. డోలు మ్రోగుచుండగా ప్రక్కనున్న తంబుర నాదమును వినుట వంటిది ఈ పని. అంతేకాదు, నిమిషమునకు 20 మార్లు ఆడు ఊపిరికి 40, 60, 80 చొప్పున హరాత్మకములు కూడ వెలువడును. గుండె సైతము నిమిషమునకు 60, 80 మార్లు కొట్టుకొనునదే! ఏది ఊపిరి నీడ, ఏది నిజమైన గుండె? రోగి చేయి కదపినచో రెండును మరుగుపడును. అందుచేతనే విశ్వవిద్యాలయములలో ఈ సంకేతములను వేరుపరచు గణితముపై ఇంత శ్రమ జరుగుచున్నది.

ఈ శ్రమ వృథా పోలేదు. 2015 ఏప్రిల్‌లో నేపాలున భూకంపము వచ్చినపుడు, నాసా వారి జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో రూపొందిన ‘ఫైండర్’ అను రాడార్, చౌతారా గ్రామమున శిథిలముల క్రింద చిక్కుకొన్న నలుగురి గుండె చప్పుళ్లను పసిగట్టెను. వారు ప్రాణములతో బయటపడిరి.

ఇండ్లలోను దీనికి ఉపయోగములు కలవు. ఒంటరిగా నుండు వృద్ధులు స్నానపు గదిలో జారిపడినచో బంధువులకు కబురందించుటకు రాడార్ తగినది. కెమెరా వలె అది బొమ్మ తీయదు. మంచము ప్రక్క నుంచి నిద్రలోని శ్వాసను గమనించు పరికరము 2021లోనే విపణికి వచ్చినది.

కాని బొమ్మ తీయనంత మాత్రమున మరుగు మిగిలినదనుకొనరాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2015లో వర్ణించిన పరికరము 8 మీటర్ల దూరమునుండి, గోడ అడ్డముండినను, ఊపిరిని లెక్కింపగలిగెను. శిథిలముల క్రిందివానికి ప్రాణదానము చేయు గుణమే, ప్రక్కయింటివాని ఊపిరిని అతనికి తెలియకుండ లెక్కించుటకును పనికివచ్చును. మణికట్టు పట్టుకొను వైద్యునికి రోగి తానే చేయి చాచును. తాకని సాధనమునకు ఆ అనుమతి ఎట్లు లభింపవలెనో కూడ పరికరముతోపాటే నిర్ణయించుకొనవలెను.