వెలుగుకు కట్టిన గూడు

వీణ మీటినప్పుడు తీగెతో పాటు పనస చెక్కలో తొలిచిన కుండ కూడా పలుకుతుంది. కాంతి పుట్టుకలోనూ అంతే. ఒక పదార్థం ఎంత త్వరగా, ఏ దిక్కుకు వెలుగుతుందో తేల్చడంలో దాన్ని ఉంచిన గూటికీ వాటా ఉంది. సరిపడే కొలతలున్న కుహరంలో ఉద్గారం వేగం పుంజుకుంటుందని రేడియో తరంగాల విషయంలో ఎడ్వర్డ్ పర్సెల్ 1946లోనే చెప్పాడు. కాంతికి అదే సూత్రం గట్టిగా పట్టాలంటే గూడు కాంతి తరంగమంత చిన్నదై ఉండాలి. అలాంటి గూడే అర్ధవాహక మైక్రోకావిటీ.

దీని మూలాలు లేజర్ పరిశోధనలో ఉన్నాయి. చిప్ అంచు నుంచి కాక ఉపరితలం నుంచి నిట్టనిలువుగా కాంతి చిమ్మే లేజర్‌ను 1977లో టోక్యోలో కెనిచి ఇగా ఊహించాడు. 1979లో అది తీవ్రమైన చలిలో పనిచేసింది. 1988లో గది ఉష్ణోగ్రత వద్ద ఆగకుండా వెలిగింది. ఇలాంటి కుహరాలకు అద్దాలుగా రెండు రకాల పదార్థాలను, తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు మందాన, పొరపై పొరగా పేరుస్తారు. 1992లో టోక్యోలో క్లాడ్ వైస్‌బుష్ బృందం ఆ అద్దాల నడుమ క్వాంటం బావులనే అతి పలుచని అర్ధవాహక పొరలను అమర్చి, పరావర్తన కాంతిని కొలిచింది. కొలిచిన వర్ణపటంలో ఒక్క పల్లం ఉండాల్సిన చోట రెండు కనిపించాయి. కాంతి కణమైన ఫోటాన్ అద్దం దాటి పోయేలోపే పదార్థంలో ఎలక్ట్రాన్-రంధ్ర జంట అయిన ఎక్సైటాన్‌గా మారి, మళ్లీ ఫోటాన్ అవుతోంది. ఒకే దూలానికి కట్టిన రెండు ఉయ్యాలల మధ్య ఊపు చేతులు మారినట్టు, శక్తి అటూ ఇటూ తిరుగుతోంది. ఆ జంట రూపమే పోలారిటాన్.

దీనికి క్వాంటం సిద్ధాంతం ఎందుకు, పాత తరంగ సిద్ధాంతం చాలదా అని కొందరు అడిగారు. ప్రశ్న సబబే. రెండు పల్లాలను జంట ఉయ్యాలల లెక్కే వివరిస్తుంది కనుక అవి మాత్రమే రుజువు కావు. 2006లో గ్రెనోబుల్, లొజాన్ శాస్త్రవేత్తలు కాడ్మియం టెల్యురైడ్ కుహరాన్ని సుమారు 5 కెల్విన్‌లకు చల్లబరచి పోలారిటాన్ల సాంద్రత పెంచగా, అవి ఒకే స్థితిలో గుమిగూడాయి. సత్యేంద్రనాథ్ బోస్ గణాంకాలు చెప్పే గుణం ఇది. పోలారిటాన్ల ఆయుష్షు పికోసెకన్లే కాబట్టి అలా గుమిగూడటానికి కావాల్సిన సమతాస్థితి ఎక్కడిదన్న సందేహం అప్పటికీ మిగిలింది. 2019లో జూరిక్, సిడ్నీ బృందాలు వేరే దారిన వెళ్లి, కుహరం నుంచి వచ్చే ఫోటాన్లనే లెక్కించాయి. ఫోటాన్లు జంటగా రావడం, యాదృచ్ఛికంగా రావాల్సిన దానికన్నా కొద్ది శాతం తగ్గింది. ఆ తేడా చిన్నదే అయినా దాన్ని కొట్టిపారేయలేం. ఏ సాధారణ తరంగమూ ఆ లోటును చూపజాలదు. దీపాన్ని చదవాలనుకునేవారు దీపపు గూటినీ చదవక తప్పదు.