సీ ప్రోగ్రాములు – దోష పరీక్ష

సీ భాషలో వ్రాసిన ప్రోగ్రామును కంపైలరు అంగీకరించినంత మాత్రాన అది నిర్దుష్టమని విద్యార్థులు భావించరాదు. కంపైలరు ప్రధానంగా చూసేది వ్యాకరణాన్ని. వ్యాకరణం సరిగా ఉన్న వాక్యంలోనూ అర్థం చెడవచ్చును గదా!

ఈ లోపాన్ని పూరించడానికి 1978లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టీఫెన్ జాన్సన్ ‘లింట్’ అనే సాధనాన్ని రూపొందించాడు. లింట్ అనగా బట్టకు అంటిన నూగు. మన బంటుమిల్లికి చేరువనున్న పెడనలో కలంకారీ పనివారు అద్దకానికి పూర్వమే వస్త్రాన్ని ఉతికి శుద్ధి చేస్తారు. అదే విధంగా ఈ సాధనం ప్రోగ్రామును నడపకుండానే, దాని పాఠాన్ని చదివి అనుమానాస్పదమైన చోట్లను ఎత్తిచూపుతుంది.

ఉదాహరణకు, సరిగ్గా 35 మార్కులు వచ్చినవారిని ఏరదలచి ‘==’కు బదులు ఒక్క ‘=’ వ్రాశామనుకొందాం. అప్పుడు పోలిక జరగదు. 90 వచ్చిన విద్యార్థి మార్కులు సైతం 35గా మారిపోతాయి! విలువ ఇవ్వకముందే చలరాశిని వాడటం ఇటువంటిదే మరొక దోషం. నేడు ‘సీపీపీచెక్’ వంటి ఉచిత సాధనాలు ఇట్టి దోషాలను పట్టి ఇస్తాయి.

అయితే 35కు బదులు 53 అని వ్రాస్తే ఏ సాధనమూ గుర్తించలేదు; మన ఉద్దేశం దానికి తెలియదు. ఒక్కొక్కసారి దోషం లేనిచోట కూడా అది హెచ్చరిస్తుంది. కనుక ప్రతి హెచ్చరికకూ కారణం విచారించి, పిదపనే సవరించాలి. సాధనం మనకు సహాయకారియే గాని, మన వివేకానికి ప్రత్యామ్నాయం కాదు.