పాత సిస్టమ్ సరిపోతుందా? కొత్తది అసెంబుల్ చేయించాలా?

ఆన్‌లైన్ కోడింగ్ టెస్ట్ మొదలై ఇరవై నిమిషాలైంది. రెండో ప్రశ్నకు ప్రోగ్రామ్ రాసి రన్ నొక్కారు. తెర మీద చక్రం తిరుగుతోంది... తిరుగుతూనే ఉంది. వెబ్‌క్యామ్ బొమ్మ కదలడం మానేసింది. పక్కన టైమర్ మాత్రం ఆగలేదు. టెస్ట్ అయ్యాక మీకొచ్చే మొదటి ఆలోచన 'ఈ డబ్బా మార్చేయాలి' అని. ఇంట్లో చెబితే నాన్న అనే మొదటి మాట 'దాన్నే బాగు చేయిస్తే పోలా?' అని. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఎవరిది ఎంత నిజమో తేలాలంటే ఆ డబ్బా ఎక్కడ ఆగిపోతోందో ముందు చూడాలి.

ఓ ఉదాహరణ తీసుకుందాం. 2016లో అన్నయ్య బీటెక్‌లో చేరినప్పుడు కొన్న డెస్క్‌టాప్. ఇంటెల్ ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. అన్నయ్య ఉద్యోగానికి వెళ్లిపోయాడు, సిస్టమ్ మీకు మిగిలింది. ప్లేస్‌మెంట్లు ఇంకో నాలుగు నెలల్లో ఉన్నాయి.

రోగం ఏమిటో తేల్చండి

ముందుగా నెట్‌ను పక్కన పెట్టేయండి. ఫోన్ హాట్‌స్పాట్‌తో కూడా అదే తంతు అయితే తప్పు సిస్టమ్‌దే. ఇప్పుడు మీరు రోజూ వాడేవన్నీ తెరవండి. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, వీఎస్ కోడ్, ఓ వీడియో కాల్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ చూడండి. సిస్టమ్ మొరాయించిన క్షణంలో ఏది 100 దగ్గర నిలబడిందో అదే దోషి.

మన ఉదాహరణలో దాదాపు ఎప్పుడూ డిస్కే దొరుకుతుంది. హార్డ్‌డిస్క్‌లో పళ్లెం తిరగాలి, దాని మీద చెయ్యి కదలాలి. ఒక్కో చిన్న ఫైలు వెతకడానికి కొన్ని మిల్లీసెకన్లు. విండోస్ తెరుచుకునేటప్పుడు అలాంటివి వేలల్లో ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అందుకే పాత సిస్టమ్‌కు సాటా ఎస్‌ఎస్‌డీ ఒక్కటి వేసినా వేరే యంత్రంలా అనిపిస్తుంది.

ఇక్కడో చిక్కుంది. ర్యామ్ నిండిపోతే విండోస్ మిగిలిన సరుకును డిస్క్ మీద పెట్టి తీస్తూ ఉంటుంది. కాబట్టి డిస్క్ 100 దగ్గర, మెమరీ 90 దగ్గర ఉన్నాయంటే అసలు కొరత ర్యామ్‌దే కావచ్చు. 4 జీబీతో ఈ రోజుల్లో ఏ పనీ సాగదు. జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్ నేర్చుకునేవాళ్లకు 8 జీబీతో నడుస్తుంది, 16 ఉంటే హాయి. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ నడపాలంటే మాత్రం 16కు తగ్గొద్దు.

వెంట వచ్చేవాటి మీదే ఖర్చు

పాత సిస్టమ్‌కు డబ్బు పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: రేపు కొత్తది తీసుకుంటే ఈ భాగం నా వెంట వస్తుందా?

సాటా ఎస్‌ఎస్‌డీ వస్తుంది. కొత్త బోర్డులకూ ఆ పోర్టు ఉంటుంది. మానిటర్, కీబోర్డ్, వెబ్‌క్యామ్ వస్తాయి. ర్యామ్ సంగతే మెలిక. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5... దేని గాడి దానిదే, ఒకదాంట్లో మరొకటి పట్టదు. ఆరో తరం బోర్డుల్లో కొన్ని డీడీఆర్3వి, ఎక్కువ డీడీఆర్4వి. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో చూస్తే తెలిసిపోతుంది. చూడకుండా కొంటే ఏమవుతుందో నాకు అనుభవమే. పాత డీడీఆర్3 బోర్డుకు డీడీఆర్4 స్టిక్ పట్టుకొచ్చా. షాపతను వెనక్కి తీసుకోనన్నాడు. అదిప్పటికీ నా సొరుగులోనే ఉంది.

డీడీఆర్4 బోర్డయితే ఇంకో 4 లేదా 8 జీబీ వేయడం దండగ కాదు. డీడీఆర్3 అయితే కొత్త ర్యామ్ కొనొద్దు. తెలిసినవాళ్లెవరైనా పక్కన పడేసిన స్టిక్ ఇస్తే వేసుకోండి. పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకోవాల్సిన వస్తువు ఇప్పుడు ఇదే.

మీది ల్యాప్‌టాప్ అయితే మరో జాగ్రత్త. పలచటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేరు. మోడల్ నంబర్ వెతికి చూశాకే షాపుకు వెళ్లండి.

ప్రాసెసర్ దగ్గర ఆగండి

ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ అయ్యాక కూడా సీపీయూ 100 దగ్గరే కూర్చుంటే? ఆరో తరం ఐ3లో కోర్లు రెండే. 'పాత ఐ7 సెకండ్‌హ్యాండ్‌లో ఉంది, వేసుకో' అని సలహా ఇచ్చే ఫ్రెండ్ ఒకడుంటాడు. ఆరు, ఏడు తరాల ఐ5, ఐ7 ఆ బోర్డు మీద కూర్చుంటాయి, నిజమే. ఏడో తరానికి బయోస్ అప్‌డేట్ కావాల్సి రావచ్చు. కానీ ఎనిమిదో తరం అనుకుని తెస్తే మోసపోతారు. దాని సాకెట్ పేరూ 1151 అయినా 300 సిరీస్ బోర్డు ఉండాల్సిందే.

ఐ7 వేసినా ఇంకో గోడ మిగిలే ఉంటుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 జాబితాలో ఇంటెల్ ప్రాసెసర్లు, ఒకటీ అరా తప్ప, ఎనిమిదో తరం నుంచే ఉన్నాయి. టీపీఎం 2.0 కూడా అడుగుతుంది. అంటే ప్రాసెసర్ మార్చాలనే దాకా వచ్చారంటే, బోర్డు మార్చాల్సిన దాకా వచ్చినట్టే. అక్కడ పాతదానికి దండం పెట్టేయండి.

లైనక్స్ వేసుకోవచ్చుగా అంటారా? వేసుకోవచ్చు. లైనక్స్ మింట్ ఇలాంటి సిస్టమ్ మీద చక్కగా నడుస్తుంది. పైథాన్, జావా, గిట్ అన్నీ ఉంటాయి. ఆ కమాండ్లు ఉద్యోగంలోనూ పనికొస్తాయి. కాకపోతే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కు లైనక్స్ వెర్షన్ లేదు. టెస్ట్‌కు ఏం కావాలో కంపెనీ పంపిన మెయిల్ ముందే చదవండి. అవసరమైతే ఆ ఒక్క రోజుకు ఫ్రెండ్ ల్యాప్‌టాప్ అడగండి.

కొత్తదే అనుకుంటే

పాతదానికి పెట్టే ఖర్చు కొత్తదాని ధరలో మూడోవంతు దాటుతుంటే ఆగిపోండి. ఇది నా లెక్క. అదే సమయంలో అమీర్‌పేటలో కోర్సు ఫీజు, హాస్టల్ అద్దె కూడా కట్టాల్సినవాళ్లు ఆ డబ్బు ముందు ఎటు పోవాలో చూసుకోవాలి.

మీ దగ్గర డీడీఆర్4 ర్యామ్ ఉంటే దాన్ని వాడుకునేలా కొత్తది కట్టించొచ్చు. ఏఎండీ ఏఎం4 బోర్డు మీద రైజెన్ 5600జీ అలాంటిదే. ఆరు కోర్లు, గ్రాఫిక్స్ లోపలే. ఇంటెల్ 12వ తరానికీ డీడీఆర్4 బోర్డులున్నాయి. ఏఎం5కు వెళ్తే డీడీఆర్5 కొనక తప్పదు. ఇంటెల్‌లో పేరు చివర 'ఎఫ్' ఉన్న ప్రాసెసర్ కాస్త చౌకగా కనిపిస్తుంది. దానికి గ్రాఫిక్స్ ఉండవు. కార్డు లేకుండా కొంటే మానిటర్‌లో బొమ్మే రాదు.

మెషీన్ లెర్నింగ్ నేర్చుకుంటున్నాం, గ్రాఫిక్స్ కార్డు ఉండాలి కదా అని చాలామంది అడుగుతారు. నేర్చుకునే దశలో గూగుల్ కొలాబ్, కాగుల్ ఉచితంగా ఇచ్చే జీపీయూ సరిపోతుంది. రెవిట్, సాలిడ్‌వర్క్స్ వాడే సివిల్, మెకానికల్ వాళ్ల సంగతి వేరు. వాళ్లకు కార్డు నిజంగానే అవసరం.

పాత క్యాబినెట్ పనికొస్తుంది. అందులోని పదేళ్ల నాటి ఎస్‌ఎంపీఎస్ మాత్రం వాడొద్దు. అది పోతే బోర్డును కూడా పట్టుకుపోగలదు.

ఏ పనైనా టెస్ట్‌కు కనీసం రెండు వారాల ముందే ముగించండి. రెజ్యూమె, ప్రాజెక్ట్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఒకసారి, డ్రైవ్‌లో ఒకసారి దాచాకే స్క్రూ విప్పండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లినా, మీ ఊళ్లో షాపుకే వెళ్లినా ఒక్కో భాగానికి ధర విడిగా రాయించుకుని ఇంకో రెండు చోట్ల అడగండి. బాక్స్ సీలు మీ ముందే తీయమనండి, సీరియల్ నంబర్లు బిల్లు మీద ఉండాలి. పాత హార్డ్‌డిస్క్ మాత్రం షాపులో వదిలి రాకండి. మీ ఆధార్ కాపీ, మార్కుల మెమోలు, ఇంట్లోవాళ్ల ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి.