మోదుగు పూలు: ఏది మందు, ఏది కాదు

పైన వీడియోలో అడవి అంటుకున్నట్టు ఎర్రగా కనిపించేవి మన మోదుగు చెట్లే. ఊళ్లల్ల మోత్కు అంటాం, లంబాడీ తండాల్లో కేసూలా అంటారు, ఆయుర్వేదంలో పేరు పలాశ. మొదటి భాగం జనగామ దగ్గర మా చేను గెట్టు మీద, తర్వాతది మహబూబాబాద్ జిల్లా గూడూరు వైపు, చివరిది భూపాలపల్లి నుంచి మహాదేవపూర్ పోయే దారిలో తీశాను.

ఇది చిక్కుడు, పెసర కుటుంబం చెట్టే. కాకపోతే ఒక కాయలో ఒకటే గింజ, అదీ కాయ కొసన ఉంటది. మాఘం దాటుతుంటే ఆకంతా రాల్చి పూత పడుతుంది. వాసన ఉండదు గానీ తేనె దండిగా ఉంటుంది, అందుకే గోరింకలు, తేనెపిట్టలు పొద్దున్నుంచే వాలతాయి. ఆ గోరింకలే మన చేన్లో పురుగులు ఏరుకు తింటాయి. గెట్టు మీది మోదుగును జేసీబీతో పీకించే ముందు ఇది ఒక్కసారి ఆలోచించండి.

ఇక మందు సంగతి. మా నాయనమ్మ ఎండాకాలంలో పిడికెడు ఎండు పూలు రాత్రి కుండ నీళ్లలో నానేసి, తెల్లారి వడగట్టి కొంచెం పటికబెల్లం కలిపి ఇచ్చేది. ఒంట్లో వేడికి, మూత్రంలో మంటకు వాడేవాళ్లు. మూత్రం బిగబడితే ఉడికించిన పూలను గుడ్డలో కట్టి పొత్తికడుపు మీద గోరువెచ్చగా కాపేవాళ్లు. చెమటకాయలకు పిల్లలకు ఈ పూల నీళ్లతోనే స్నానం. బెరడుకు గాటు పెడితే కారే ఎర్రటి బంకలో వగరు ఎక్కువ, దాన్ని నీళ్ల విరేచనాలకు ఇచ్చేవాళ్లు.

గింజ మాత్రం వేరే లెక్క. ఏలికపాములకు మోదుగు గింజ పాత మందే, అందులో పలాసోనిన్ అనే పదార్థం పురుగుల మీద పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. కానీ అదే గింజను పూర్వం గర్భం రాకుండా కూడా వాడేవాళ్లు. అంటే గర్భిణులు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ముట్టుకోకూడదు. మోతాదు తెలియకుండా పిల్లలకు అసలే ఇవ్వొద్దు. నులిపురుగులకు ఇప్పుడు అంగన్‌వాడీలో, బడిలో ఆల్బెండజోల్ గోళీ ఫ్రీగా ఇస్తున్నారు, అది వేయించండి. గింజల పొడి కావాలని చాలామంది ఫోన్ చేస్తున్నారు. నేను అమ్మను.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, తప్పు నేనే చేశాను. మొదట్లో పూలపొడి ప్యాకెట్ మీద "షుగర్‌కు మంచిది" అని వేయించాను. ఎక్కడో చదివిందే, జంతువుల మీద చేసిన పరీక్షలు. ఒకాయన అది నమ్మి నెల రోజులు గోళీలు ఆపేసి పొడి తాగాడు. షుగర్ బాగా పెరిగి, కాలి పుండు ముదిరి, వరంగల్‌లో దావఖానకు తీసుకుపోవాల్సొచ్చింది. బతికిండు, ఒక వేలు పోయింది. నేను పోయి కలిస్తే ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా కష్టమనిపించింది. అగ్రికల్చర్ డిప్లొమా చదివినోణ్ణి, మందుకు, పరీక్షకు తేడా తెలియదా నాకు? మిగిలిన ప్యాకెట్లన్నీ కాలబెట్టాను. ఇప్పుడు లేబుల్ మీద "ఎండబెట్టిన మోదుగు పూలు" అనే ఉంటది.

పూలు ఎట్ల ఏరాలో కూడా చెప్తా. కొమ్మ విరవొద్దు. తెల్లవారుజామున చెట్టు కింద పాత చీర పరిస్తే రాలినవే చాలు. నీడకు పలుచగా ఆరబోయాలి, ఎండలో వేస్తే రంగు వెలుస్తుంది. పురుగుమందు కొట్టే చేను పక్కన చెట్టువి తాగడానికి వద్దు, రంగుకు వాడుకోండి.

కాముని పున్నమికి మన చిన్నప్పుడు జాజిరి ఆడిన రంగు ఇదే కదా. పూలను నీళ్లలో మరిగిస్తే పసుపు దిగుతుంది, చిటికెడు సున్నం వేస్తే నారింజకు తిరుగుతుంది. సున్నం చిటికెడే, ఎక్కువైతే కళ్లు మండుతాయి. పిల్లల మీద చల్లే నీళ్లకైతే సున్నం లేకుండా వట్టి పసుపే చాలు. తెల్ల బట్ట మీద ఈ రంగు ఎట్ల పడుతుందో వీడియో చివర్లో చూపించాను.